మా పోరగాండ్లు తెరమీద ఎన్నడు ఎదిగిండ్రు?

తెలుగు సినిమాల హీరో ఒక్క పాటలో పెద్దోడయితడు. ఉరుకుతున్న పిల్లగాడి కాళ్లు చూపిస్తరు, ఆ కాళ్లు పెద్దవయి పైకి చూసేసరికి మీసాలుంటయి. నడుమ పదేండ్లు ఏమైనయో ఎవరికీ అక్కర లేదు. మా పిల్లల బతుకంతా ఆ పదేండ్లలోనే ఉంటది. మిర్యాలగూడ రైసుమిల్లుల బస్తా ఎత్తేది అప్పుడే, సూర్యాపేట హైవే పక్కన మెకానిక్ షెడ్డుల పానాలందించేది అప్పుడే, కోదాడ దాటి సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము మింగేది అప్పుడే. కులమంటే ఏందో ఒంటికి తెలిసేదీ అప్పుడే. మన సినిమా సరిగ్గా ఆ రీళ్లనే కోసి పారేస్తది.

'మా భూమి' (1979)ని తీసిపారెయ్యలేం. గౌతం ఘోష్ తీసిన ఆ సినిమాల సాయిచంద్ వేసిన రామయ్య దొర గడీ నీడల పెరిగి, ఊరిడిచి పట్నం పోయి, కార్మికుల నడుమ రాజకీయం నేర్చుకొని పోరాటంలోకొస్తడు. ఎదగడమంటే అదీ. కానీ కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనోళ్లు అడిగిన ప్రశ్న రామయ్యనూ అడగాలె: నీ ఇల్లు ఊళ్లెనా, వాడలనా? అందులో దొర కనపడ్డంత స్పష్టంగా ఊరికీ వాడకూ నడుమ గీత కనపడదు.

నలభై ఏండ్ల తర్వాత 'కలర్ ఫోటో' (2020) వచ్చింది. పాలమ్ముకుంట ఇంజనీరింగు చదివే పిల్లగాడు. సుహాస్ మంచిగ చేసిండు, జాతీయ అవార్డూ వచ్చింది. అయితే గొడవంతా ఒంటి రంగు మీద పెట్టిండ్రు. నల్లగుంటే మనిషి కాడా అని హాలంతా కండ్లు తుడుచుకోవచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఎందుకంటే నలుపు అన్ని కులాలల్ల ఉంటది. పిల్ల పేరు చివర 'వర్మ' ఉన్నది గద, పిల్లగాడి పేరు చివర ఏమున్నదో చెప్పడానికి గొంతెందుకు పెగలలే?

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడల, గర్భిణి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడు నరికి చంపిండు. ఆ పేరు మా జిల్లాల చిన్నపిల్లలకూ తెలుసు. సరిగ్గా పద్నాలుగు రోజులకు, సెప్టెంబరు 28న, తమిళంల 'పరియేరుం పెరుమాళ్' విడుదలయింది. మారి సెల్వరాజ్ తీసిండు, పా. రంజిత్ నిర్మించిండు. అందులోనూ పరువు కోసం పిల్లల్ని చంపే ముసలోడున్నడు. చంపుడు కూడా ఒక కూలి పని తీరుగ, చెమట తుడుచుకుంట చేస్తడు. మా దగ్గర జరిగిందీ, వాళ్లు అంతకుముందే తీసి పెట్టుకున్నదీ ఒకటే కథ కావడం కాకతాళీయం కాదు. తిరునెల్వేలి, మిర్యాలగూడ – కులానికి పొలిమేరల్లేవు.

కానీ ఆ సినిమా కుర్రాడి మీదనే కండ్లు పెడుతది. లా కాలేజీల ఇంగ్లీషు పాఠం అర్థం గాక నవ్వులపాలయిన పరియన్ను చూస్తుంటే నా డిగ్రీ కాలేజీ చివరి బెంచీ యాదికొచ్చింది. మా ఇంట్ల ఇంగ్లీషు పుస్తకం పట్టిన మొదటోణ్ణి నేను. ఆడవేషం కట్టి ఆడే తండ్రిని కాలేజీల అవమానిస్తరు. ఆ సీన్ల సెల్వరాజ్ ఒక్కసారి కూడా మొహం తిప్పుకోలే. చివర పిల్ల తండ్రితో కూర్చొని మాట్లాడుడు, రెండు టీ గ్లాసుల నడుమ పువ్వు – అక్కడ మాత్రం నాకు పేచీ ఉన్నది. చంపించబోయిన మనిషిని అంత సులువుగ బల్ల ముందు కూర్చోబెట్టొచ్చా? అయినా పిల్లగాడు బతికే ఉన్నడు, మాట్లాడుతున్నడు. మా ఊర్లల్ల అదే పెద్ద సంగతి.

మరి తెలుగుల? మిర్యాలగూడ హత్య మీద రామ్ గోపాల్ వర్మ 'మర్డర్' తీసిండు. 2020ల ఫాదర్స్ డే నాడు పోస్టరు వదిలిండు. చూసిండ్రా కనికట్టు! నరికినోళ్ల వైపు కథ తండ్రి ప్రేమయింది. నరకబడ్డోడు ఆ ప్రేమకొచ్చిన అడ్డమయిండు. వాడెట్ల పెరిగిండు, ఎవరితో ఆడిండు, ఏం చదువుకున్నడు, మొదటిసారి కులం పేరుతో ఎవడు తిడితే ఎట్ల ఊకున్నడు – ఇవేవీ కథ కావు.

2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. హత్య ఎట్ల జరిగిందో, ఎవరు డబ్బులిచ్చిండ్రో తీర్పు చెప్తది. చచ్చిపోయినోడి చిన్నతనం దాంట్ల ఉండదు, అది కోర్టు పని కాదు. ఆ పని చేసిన తెలుగు సినిమా నేనైతే ఇంకా చూళ్లే.