కట్టు కట్టిన కాలు

వీరరసానికి స్థాయీభావం ఉత్సాహం. అందులోకి క్రోధం చొరబడితే రౌద్రమవుతుంది. ఆ గీత దాటకుండా నిలిచిన ఆట అమెరికా ఆదివాసీ క్రీడాకారుడు జిమ్ థోర్ప్‌ది.

1911 నవంబరు 11, హార్వర్డ్ మైదానం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో హార్వర్డ్ అప్పటికే మహాజట్టు. ఎదురుగా పెన్సిల్వేనియా నుంచి వచ్చిన కార్లైల్ ఇండియన్ స్కూల్ కుర్రాళ్లు. హార్వర్డ్ కోచ్ పెర్సీ హాటన్‌కు ఎంత ధీమా అంటే, ముందు రెండో వరస ఆటగాళ్లనే దింపాడు. కార్లైల్ తరఫున థోర్ప్ దెబ్బతిన్న కాలికి కట్టుతో దిగాడు.

పరుగెత్తేవాణ్ణి ఊపు ముందుకు తోస్తుంది, జనం కేకలు మోసుకుపోతాయి. బంతిని తన్నేవాడికి ఆ ఆసరా లేదు. ఒక కాలు నేలలో నాటుకోవాలి, మరొకటి గాలిలోకి లేవాలి. ఏది నొచ్చినా గురి చెదురుతుంది. మీదికి దూకే శత్రువుల మధ్య ఒక్క క్షణం ఒళ్లంతా నిశ్చలం కావాలి. ఆ నిశ్చలతను థోర్ప్ ఆ రోజు నాలుగుసార్లు సాధించాడు. నాలుగు ఫీల్డ్ గోల్స్, పన్నెండు పాయింట్లు! కార్లైల్ 18–15తో గెలిచింది. అతని పరుగులను లోకం ఎంతైనా పొగడనీ, నన్ను కట్టిపడేసేవి ఆ నాలుగు తన్నులే. నొప్పి ఉంది, దాని ప్రదర్శన లేదు.

కోపానికి కారణాలు లేకనా? 1879లో పాత సైనిక బారకాసుల్లో పెట్టిన బడి కార్లైల్. ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించి, వాళ్ల భాష నోట రాకుండా చేసిన బడి. సాక్ అండ్ ఫాక్స్ తెగవాడైన థోర్ప్‌కు ఇంట పెట్టిన పేరు వా-థో-హుక్, వెలుగుబాట అని అర్థం చెబుతారు. అంత అందమైన పేరును పలకనివ్వని చోట అతను చదివాడు!

1912 నవంబరు 9న కార్లైల్ జట్టు వెస్ట్ పాయింట్‌లో సైనికాధికారులు కాబోయే కుర్రాళ్లతో తలపడింది. వూండెడ్ నీలో సైన్యం ఆదివాసీలను ఊచకోత కోసి అప్పటికి 22 ఏళ్లే. ఎదుటి జట్టులో తర్వాత దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఉన్నాడు. ఇటు థోర్ప్, ఆ వేసవిలోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచి వచ్చాడు. పగ తీర్చుకోవడానికి అంతకంటే తగిన వేదిక దొరకదు. కార్లైల్ ఆడింది మాత్రం చురుకుదనంతో, ఎత్తుగడలతో, ఎదుటివాణ్ణి ఏమార్చే కదలికలతో. కోచ్ పాప్ వార్నర్ పన్నిన వ్యూహాలకు ఆ కుర్రాళ్ల దేహాలు లయ కట్టాయి. ఫలితం 27–6. ఆ విజయంలో నాకు వినిపించేది ఆటగాళ్ల ఆనందం. రౌద్రం రాజ్యమేలవలసిన చోట ఉత్సాహాన్ని నిలబెట్టడం, నా దృష్టిలో, ఆ రెండు బంగారు పతకాలకన్నా పెద్ద కళ.