ప్లాటినం కాగితమా!

ప్లాటినం కాగితమా, నీ మీద మెరుపు లేదు, నునుపు లేదు. వెండి లవణాల ఫొటో కాగితంలో బొమ్మ జిలాటిన్ పొరలో ఉండిపోతుంది. నీలో మాత్రం నూలుకు అద్దకం పట్టినట్టు లోహం పోగుపోగులోకీ ఇంకిపోతుంది. బొమ్మేదో కాగితమేదో విడదీసి చెప్పలేం.

1873లో ఇంగ్లండ్‌లో విలియం విల్లిస్ నీకు పేటెంట్ తీసుకున్నాడు. ఇనుప లవణం, ప్లాటినం లవణం కలిపి పూసి, ఆరాక నెగటివ్ ఆనించి ఎండలో పెడితే, వెలుగు ముందుగా తాకేది ఇనుమునే. అప్పటికి కనబడేది లీలగా ఒక ఆనవాలు. పొటాషియం ఆక్సలేట్ తగలగానే ఆ ఇనుమే ప్లాటినాన్ని లోహంగా మార్చి, బొమ్మను బయటికి తెస్తుంది. ఆపైన పలచటి ఆమ్లంలో కడిగితే ఇనుము కొట్టుకుపోతుంది, ప్లాటినం నిలుస్తుంది. పని పూర్తిచేసి పేరు అడగకుండా తప్పుకునే ఆ ఇనుముకు కూడా నా దండం.

ఒక్క పూతతో నీకు కాటుక నలుపు రాదు. నీ సిరి అంతా బూడిద వన్నెల్లో ఉంది. ఆ సిరిని ఫొటోగ్రాఫర్ ఫ్రెడరిక్ ఎవాన్స్ ఎరిగినంతగా ఇంకెవరూ ఎరగరనే నా నమ్మకం. లండన్‌లో పుస్తకాలమ్మిన ఆ మనిషి, రాతి మీద వాలే వెలుగు కోసం ఇంగ్లండ్ కేథడ్రళ్లు తిరిగాడు. 1903లో వెల్స్ కేథడ్రల్‌లో తీసిన ‘ఎ సీ ఆఫ్ స్టెప్స్’లో, తరతరాల పాదాలకు అరిగి పల్లంపడ్డ మెట్లు కెరటాలై పైకి లేస్తాయి. అరిగిన ప్రతి అంచునా ఒక లేత బూడిద, దాని కిందే కాస్త ముదురు, ఆ పల్లంలో ఇంకాస్త. నెగటివ్ ఎంతో బొమ్మా అంతే. దాన్ని దిద్దడం ఆయనకు గిట్టదు. తేల్చుకోవలసిందంతా ఆ మెట్ల ముందే తేల్చుకోవాలి. నువ్వేం పట్టుకోగలవో తెలిసిన కన్ను కాబట్టే, నీడలో దాగిన వెలుగును కూడా వదల్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పేలుడు పదార్థాలకు కావలసిన ఆమ్లాల తయారీకి ప్లాటినం తరలిపోయింది. నీ ధర కొండెక్కింది, నువ్వు కరువయ్యావు. వెండి కాగితం దొరుకుతూనే ఉంది. ఎవాన్స్ దాన్ని ఒప్పుకోక, ఫొటోలు తీయడమే మానేశాడు. దాన్ని మొండితనమంటే నేనొప్పుకోను. నువ్వు లేని చోట ఆయనకు చూడటానికేముంది?

1960లలో ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ నిన్ను మళ్లీ చేతులారా తయారుచేసుకున్నాడు. అల్యూమినియం పలకకు కాగితం అతికించి, పూసి, ముద్రించి, మళ్లీ పూసి, నెగటివ్‌ను వెంట్రుకవాసి జరగకుండా అదే చోట ఆనించి, ఒక్క పూతకు నువ్వివ్వని నలుపును రాబట్టాడు.