జోన్ కథ: నాటకకర్తలును, లేఖకుడును

ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని 1337లో మొదలై 1453 వరకు సాగిన పోరాటమును చరిత్రకారులు నూరేండ్ల యుద్ధ మందురు. ఆ యుద్ధమున రాజులకు కొదువలేదు. క్రేసీ, అజిన్‌కోర్టు వంటి మహాసంగ్రామములకును కొదువలేదు. అయినను లోకము మరువక నిలుపుకొన్నది ఒక పల్లెపడుచును. దొంరెమీ గ్రామపు జోన్, ఫ్రెంచివారి యుచ్చారణలో ఝాన్ దార్క్, 1429 మే నెలలో ఓర్లియాను ముట్టడిని తొలగింపజేసి, జూలైలో రైంసు నగరమున ఏడవ చార్లెసునకు పట్టాభిషేకము జరిపించెను. మరుసటి యేట శత్రువులకు చిక్కి, 1431 మే 30వ తేదీన రూఆన్ నగరమున సజీవముగా దహింపబడెను. పుదుచ్చేరిలో నామె విగ్రహమును యానామువారు పలువురు చూచియే యుందురు.

ఈమెను గూర్చి నాటకములు వ్రాసినవారిలో షేక్స్పియరు పేరు మొదట చెప్పవలసివచ్చుట విచారకరము. ఆరవ హెన్రీ మొదటి భాగమున జోన్ దయ్యములను పిలుచును, కన్నతండ్రిని కాదనును, తుదకు మంట తప్పించుకొనుటకు గర్భవతినని బొంకును. అంతటి మహాకవియు శత్రుపక్షపు స్త్రీ యనగానే చూపు కోల్పోయెను. జర్మను కవి షిల్లరు 1801లో ఆమెను యుద్ధభూమియందే మరణింపజేసి, విచారణ కథను పూర్తిగా విడిచిపెట్టెను. ఇక బెర్నార్డు షా. 1923లో ప్రదర్శింపబడిన ఆయన నాటకము వీనియన్నిటికంటె మేలైనది. జోన్ మాటలో పల్లెటూరి చురుకు నిలిచియున్నది. కాని న్యాయాధిపతులకు న్యాయము చేయవలెనను పట్టుదలతో షా త్రాసును మరియొక ప్రక్కకు వంచివైచెను. విచారణ ధర్మబద్ధముగనే జరిగినదని ఆయన వాదము. ఇంగ్లీషువారి కోటలో, ఇంగ్లీషువారి సొమ్ముతో, మతఖైదీ కుండవలసిన చర్చి చెరసాలకు మారుగా మగభటుల కావలిలో సంకెళ్లతో జరిగిన విచారణకు ఆ మాట యెట్లు చెల్లునో నాకు తెలియలేదు.

ఈ నాటకములన్నిటికంటె గొప్ప రచన విచారణపత్రమే యని నా యభిప్రాయము. దానిని వ్రాసినవాడు గియోం మాంషోన్ అను లేఖకుడు. ఉదయము ప్రశ్నోత్తరములను ఫ్రెంచిలో వ్రాసికొని, భోజనానంతరము తోడి లేఖకులతో సరిచూచుకొనెడివాడు. భేదము కనబడినచోట గుర్తు పెట్టి, మరల నడుగుటకు ఏర్పాటు చేసెడివాడు. మరికొందరు వ్రాతగాండ్రను తెరచాటున కూర్చుండబెట్టి, ఆమెకు ప్రతికూలమైనది మాత్రము వ్రాయించి, దానికి తన వ్రాతను సరిపుచ్చుమని యొత్తిడి చేసిరనియు, తానంగీకరింపలేదనియు అతడు తరువాత సాక్ష్యమిచ్చెను. కచేరీలో వ్రాతపని చేసినవారికి ఇట్టి యొత్తిడి యెట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. మరియొక లేఖకుడగు బుఆగియోం, ఆమె పూర్వము చెప్పిన జవాబు నొకదానిని చెప్పలేదనెనట. పత్రము చదువగా ఆమె మాటయే నిజమని తేలినది. మరల తప్పినచో చెవి మెలిపెట్టుదునని ఆ ఖైదీ లేఖకునితో హాస్యమాడెనట! ఏ నాటకకర్త కల్పింపగలడు దీనిని?

భగవదనుగ్రహము తనయందున్నదా యని యడిగినపుడు, లేకున్నచో దేవుడు ప్రసాదించుగాక, ఉన్నచో నిలుపుగాక యను భావముతో నామె యిచ్చిన జవాబును షా పత్రమునుండియే గ్రహించెను. అచ్చట నాటకము వెలిగినది. పత్రమును విడిచినచోట వెలితి పడినది. యావజ్జీవ కారాగారమని వినగానే జోన్ తన యంగీకారపత్రమును చింపివైచి, పొలములను, పక్షిగానమును, వెలుతురును గూర్చి దీర్ఘముగ పలుకును. ఆ పలుకులు రమ్యములే. కాని నిజమునకు మే 24న అంగీకరించినయామె నాలుగు దినముల పిదప పురుషవేషమున కనబడి చెప్పిన కారణములు వేరు: పూజకు పోనిత్తుమన్న మాట నిలుపలేదు, సంకెళ్లు తీయలేదు. మంచి చెరలో నుంచి, తోడుగా నొక స్త్రీని ఇచ్చినచో చెప్పినట్లు నడచుకొందునని కోరెను. రాత్రింబవళ్లు భటుల నడుమ పడియున్న పడుచు అడిగినది ఒక ఆడతోడు! పొలముల వెలుతురుకంటె నా కంట నీరు తెప్పించినది ఈ కోరికయే.

మాంషోన్ సాక్ష్యము తరువాతిది, రూఆన్ ఫ్రెంచిరాజు వశమైన పిమ్మట చెప్పినది. గాలి ఎటు వీచిన నటు పలికెనని యనవచ్చును. 1456లో తొలి తీర్పును రద్దుచేసిన విచారణను షా నమ్మకపోవుటకు ఇదియొక సాకు. అట్లే యనుకొందము. కాని పత్రము 1431 నాటిది. ఇంగ్లీషువారి జీతము తినుచు, బిషప్ కోషోన్ కన్నులయెదుట వ్రాసినది. అందులో ఆమె జవాబులు న్యాయాధిపతుల ప్రశ్నలకంటె ఎత్తుగా నిలిచియున్నవి. తనకు ముట్టిన సొమ్ములో కొంత పెట్టి, ఆమె యాత్మకై ప్రార్థించుటకు చిన్న పూజాగ్రంథము కొంటినని మాంషోన్ చెప్పినదానిని నమ్మినను నమ్మకున్నను, మే 28వ తేదీ పుట యుండనే యున్నది. తన దివ్యవాణులు మరల పలికెనని జోన్ చెప్పిన వాక్యమునకు ప్రక్కన, అంచున, ప్రాణాంతకమైన ప్రత్యుత్తరమని యర్థమిచ్చు రెండు లాటిన్ మాటలు వ్రాయబడియున్నవి.