కళ చూడ్డానికి ఏ రోడ్డు?

పోయిన నెల ఒక స్నేహితురాలు ఫోన్ చేసి అడిగింది. "విశాఖ నుంచి చెన్నై దాకా కార్లో వెళ్దామనుకుంటున్నాం. వారం రోజులు. గుళ్లూ బీచులూ కాదు, ఆర్ట్ చూడాలి. ప్లాన్ వేసి పెట్టవా?"

ఇలాంటి పని అప్పజెబితే నాకు భలే హుషారు. అరగంటలో వేసేశాను. కాగితం మీద రెండు వరసలు. మొదటిది "చూడాల్సినవి": తొట్లకొండ, రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ, చెన్నై ఎగ్మూరు మ్యూజియం, చోళమండలం, మహాబలిపురం. రెండోది "కొనాల్సినవి": ఏటికొప్పాక బొమ్మ, ఉప్పాడ చీర, నర్సాపురం లేసు, పెడన కలంకారీ.

పంపబోతూ ఆగిపోయాను. ఈ రెండు వరసలూ ఎవరు గీశారు? నేనే గీశాను, ఏమీ ఆలోచించకుండా. ట్రిప్ ప్లాన్ అంటే దూరాలూ హోటళ్లూ లెక్కేసుకోవడం అనుకుంటాం గానీ, ఏది కళో ఏది కాదో తేల్చిపారేసే తీర్పు కూడా అందులోనే ఉంది. పుస్తక సమీక్షలో అలాంటి తీర్పు రాస్తే పదిమంది నిలదీస్తారు. ప్లాన్‌లో రాస్తే ఎవరూ అడగరు.

కాబట్టి నా ప్లాన్‌ని నేనే సమీక్షించుకుందామని కూర్చున్నాను.

మొదటి వరసలోకి రావాలంటే అర్హత ఏమిటి? కళాకారుడి సంతకమా? అలా అయితే మొదటి మజిలీయే నిలబడదు. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రం వైపు చూస్తూ ఉండే బౌద్ధారామం తొట్లకొండ. రాతిని తొలిచి చేసిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. నేవీ వాళ్ల సర్వేలో 1976లో బయటపడింది, 1988-92 మధ్య తవ్వకాలు జరిగాయి. ఆ తొట్లు తొలిచిన మనిషి పేరు మనకి తెలీదు. పైగా అది వాననీళ్లు పట్టుకోవడానికి, అంటే వాడకానికి చేసిన పని. అయినా దాన్ని "చూడాల్సినవి"లో వేశాను. ఎందుకంటే పాతది. చేసినవాళ్లు ఇప్పుడు లేరు, మనతో బేరమాడరు.

అక్కణ్నుంచి దక్షిణంగా వస్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. అంకుడు కర్రని మరమీద తిప్పుతూ, లక్క కడ్డీని దానికి ఒత్తిపట్టి ఉంచుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఎంతసేపు ఒత్తాలి, ఎక్కడ వదలాలి అన్నది చేతికి తెలియాల్సిందే. రసాయన రంగులు వచ్చిపడ్డ తర్వాత, గింజల నుంచీ వేళ్ల నుంచీ బెరళ్ల నుంచీ తీసే రంగుల్ని ఈ ఊరికి మళ్లీ తెచ్చిన మనిషి సి.వి. రాజు. 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్ర శకటం కూడా ఈ బొమ్మలదే. ఇంత జరిగినా నా కాగితం మీద ఏటికొప్పాక "కొనాల్సినవి"లోనే ఉంది.

ఇక్కడ ఒక పాత సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఇదే తీరంలో తిరిగాను. రాజమండ్రి గ్యాలరీలో గంటన్నర నిలబడ్డాను. దామెర్ల రామారావు 1925లో, ముప్ఫై ఏళ్లు కూడా నిండకుండానే పోయాడు. రాజమండ్రి కుర్రాడు, కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్‌కి వెళ్లి చదివాడు. "సిద్ధార్థ రాగోదయం", "పుష్పాలంకరణ" ముందు నిలబడి గీత ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ మరీ తీపిగా అయిపోయింది అని నోట్సు రాసుకున్నాను. నచ్చనివి కూడా రాసుకున్నాను. రెండ్రోజుల తర్వాత పెడనలో ఒక అద్దకం షెడ్డులో పావుగంట ఉన్నాను. నలభై ఫొటోలు తీశాను, అన్నీ చేతులవే. మొహం ఒక్కటీ లేదు. ఎవరి పేరూ అడగలేదు. "చాలా బాగుందండీ" అన్నాను. వెంటనే దుప్పటి మీద రెండొందలు తగ్గించమన్నాను.

ఆ మనిషి తగ్గించాడు. అదే ఇన్నేళ్లూ గుర్తుండిపోయింది.

రెండు వరసలకీ మధ్య అసలు తేడా ఇదేనని ఇప్పుడు అనిపిస్తోంది. మొదటి వరసలోవాటిని మనం విమర్శిస్తాం. రెండో వరసలోవాటిని పొగుడుతాం, బేరమాడతాం. విమర్శించం. విమర్శ అంటే మరి ఎదుటి పనిని సీరియస్‌గా తీసుకోవడమే కదా.

"అయితే అన్నిటినీ కళ అనేద్దాం" అంటే సరిపోదు. ఆ మాట అనడం తేలిక. ఎవరి కూలీ ఒక్క రూపాయి కూడా పెరగదు. నర్సాపురం దీనికి మంచి ఉదాహరణ. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడి లేసు అల్లే ఆడవాళ్ల మీద పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం వేసింది. విదేశాలకి వెళ్లే సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లని ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులుగా లెక్కేసి, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపంగా చూపించడం వల్లే కూలీ అంత తక్కువగా ఉండగలిగింది అన్నది ఆవిడ వాదన. ముఖ్యంగా గమనించాల్సింది ఏమిటంటే, ఆ లేసు అందంగా లేదని ఎవరూ అనలేదు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోలు ఒకవైపు, కూలీ ఒకవైపు. రెండూ ఒకదాన్నొకటి కలుసుకోకుండా దశాబ్దాలు నడిచాయి.

మరి విమర్శ ఎలా ఉండాలి? పెడనకే మళ్లీ వెళ్దాం. గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన ద్రావకంతో నలుపు అద్దుతారు. ఎరుపు రావాల్సిన చోట చెక్క అచ్చుతో పటిక అద్దుతారు. అప్పటికి ఎరుపు కంటికి కనిపించదు, పారే నీళ్లలో ఉతికి రంగు కాగులో ఉడికించాకే తేలుతుంది. అంటే అద్దేవాడు కనపడని రంగుని మనసులో పెట్టుకుని అచ్చు దింపుతున్నాడు. ఇది తెలిశాక గుడ్డని చూసే తీరు మారుతుంది. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కనిపిస్తోందా? నలుపు గీత లోపల ఎరుపు సరిగ్గా కూర్చుందా, పక్కకి జరిగిందా? మూల దగ్గర అంచు ఎలా తిప్పాడు? అసలు ఇది అచ్చుతో అద్దిందేనా, లేక స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ అని అమ్ముతున్నారా? పదేళ్లుగా అవే నెమళ్లు, అవే బుద్ధుడి తలలు ఎందుకు తిరుగుతున్నాయి? ఈ ప్రశ్నలు అడగగలిగితే మనం కళ దగ్గరికి వెళ్లినట్టు. "చాలా బాగుందండీ" దగ్గర ఆగిపోతే షాపుకి వెళ్లినట్టు.

ఈ తీరం గుడ్డ ఒకప్పుడు ఇలాంటి చూపునే ఎదుర్కొంది. మచిలీపట్నం రేవు నుంచి వెళ్లిన రంగుగుడ్డలు యూరప్‌ని ఎంత ఊపేశాయంటే, తమ నేతగాళ్ల గోల తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1701లో భారతదేశపు అద్దకం బట్టల మీద నిషేధాలు పెట్టాయి. అప్పటి వాటిలో ఎక్కువ కలంతో చేతిగీతగా వేసినవి, నేటి పెడనది అచ్చు. తేడా ఉంది. కానీ ఈ కోరమాండల్ తీరపు గుడ్డలే ఇవాళ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దం వెనక ఉన్నాయి. అక్కడ అవి మొదటి వరస. మన దగ్గర వాటి వారసులు రెండో వరస.

ఈ గీతని ఎలా చెరపాలో తీరం చివర్లో ఒక చోటు చూపిస్తుంది. చెన్నై దాటాక ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చోళమండలం ఆర్టిస్ట్స్ విలేజ్. కె.సి.ఎస్. పణికర్ నాయకత్వంలో 1966లో మొదలైంది. బొమ్మలు అమ్మి బతకలేమని తెలిసిన చిత్రకారులు బాతిక్ లాంటి చేతిపనులు చేసి, వాటిని అమ్మిన డబ్బుతో ఆ స్థలం కొనుక్కున్నారు. మద్రాసు ఆధునిక కళ నిలబడిన నేల చేతిపని సంపాదించి పెట్టిందన్నమాట. అక్కడి గ్యాలరీలో కాన్వాసుల ముందు నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుంటే, పెడన షెడ్డు అంత దూరంగా అనిపించదు.

చివరికి స్నేహితురాలికి పంపిన ప్లాన్‌లో ఒకటే వరస ఉంది. కత్తిపూడి దగ్గర 16వ నంబరు హైవే వదిలేసి 216 పట్టుకోమన్నాను. పిఠాపురం, కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, చీరాల మీదుగా ఒంగోలు చేరే రోడ్డు అది. మొదటిరోజు తొట్లకొండ, ఏటికొప్పాక. రెండోరోజు ఉప్పాడ. జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుని బుటా పోగుని చేత్తో ఎక్కిస్తుంటే కనీసం ఒక పువ్వు పూర్తయ్యేదాకా కదలొద్దని రాశాను. అక్కడే సముద్రం ఏటా ఊరిని కోసుకుపోవడం కూడా చూడమన్నాను. మూడోరోజు కాస్త పక్కకి తిరిగి రాజమండ్రి, నాలుగు నర్సాపురం, ఐదు పెడన. ఆరు ప్రయాణం, ఏడు చోళమండలం. వానాకాలం వద్దన్నాను. చూడ్డానికి మనకి ఇబ్బందని కాదు, వానలో గుడ్డ ఆరదు, పని నడవదు.

కింద మూడు మాటలు: పేరు అడుగు. ఫొటో తీసేముందు అడుగు. కొంటే బేరమాడకు, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పు.

తను చదివి ఫోన్ చేసింది. "నచ్చలేదని మొహం మీద చెప్పమంటావా? బాధపడరూ?"

"దామెర్ల గురించి నువ్వు చెప్పలేదా?"

"ఆయన లేడుగా!"

అవును, అదే కష్టం. ఈ పనులు చేసేవాళ్లు మన ఎదురుగా ఉన్నారు. జవాబు చెప్తారు. మన అభిప్రాయం తప్పయితే అచ్చు తీసి చూపిస్తారు. ఇంతకన్నా మంచి అవకాశం విమర్శ రాసేవాళ్లకి ఏ మ్యూజియంలో దొరుకుతుంది?

"సరేలే. మరి ఇందులో మహాబలిపురం లేదేంటి?" అంది.

"టైమ్ సరిపోలేదు. ఏదో ఒకటి తీసెయ్యాలి కదా, ఈసారి దాన్ని తీసేశాను" అన్నాను.