నిరోధార్థకములైన యాంగ్లజాతీయములు

కార్యవిఘ్నము గల్పించుటను ఆంగ్లేయులు 'ఒకని చక్రమున నాకు పెట్టుట' యందురు. దీనిని మాటకు మాటగాఁ దెనిఁగించినచో నర్థము చెడును. ఆకులు లేని బండిచక్రము నిలుచునా? వేఱొక యాకు చేర్చుట బలమే కాని విఘ్నము కాదు. తిరుగు చక్రమును నిలుపుటకై నడుమ దూర్చెడి కొయ్య యని యచ్చటి తాత్పర్యము. డచ్చిభాషయందును నిట్టి పలుకుబడియే కలదు. తెనుఁగువారి 'అడ్డుపుల్ల వేయుట' సిద్ధముగా నుండఁగా నాకులతోఁ బనియేమి?

'మొగ్గలోనే త్రుంచుట' యట్టిది కాదు. కలహమునకు మొగ్గ లేదు గనుక ముఖ్యార్థము బాధితమగును. వికసింపకమున్నె నశించుట యను సాదృశ్యముచే లక్ష్యార్థము వెంటనే స్ఫురించును. మొగ్గ నెఱుఁగనివారు లేరు. ఇది గ్రాహ్యమే.

ఇఁక నేఁటి వార్తాపత్రికలలోని 'చెక్ పెట్టుట' విచార్యము. ఈ పదము రాజవాచకమగు పారసీకశబ్దము 'షాహ్' నుండి పుట్టి, ప్రాచీన ఫ్రెంచిభాష మీదుగా నాంగ్లమును జేరినది. చదరంగమన్ననో భరతఖండమునఁ బుట్టిన యాట. పుట్టినింటికి మాఱువేసమున వచ్చిన చుట్టమును వెడలఁగొట్ట నక్కఱలేదు. దోషము పదమునఁ గాదు, ప్రయోగమున. చెక్ అనఁగా రాజునకు బెదరింపు మాత్రమే. రాజు తొలఁగవచ్చును, నడుమ వేఱొక బల మడ్డు రావచ్చును, బెదరించిన బలమునే చంపవచ్చును. ఆట ముగియలేదు. కావున దొంగలముఠా యంతయుఁ బట్టువడిన పిమ్మట 'ముఠాకు చెక్' అని శీర్షిక వ్రాయుట యసంగతము. రాజు తప్పించుకొనఁజాలని స్థితిని తెనుఁగువారు 'ఆటకట్టు' అందురు. అచ్చట వలసినది 'ఆట కట్టించుట'.