వేగితే తనే వదులుతుంది

మొన్న బుధవారం ఇల్లు చేరేసరికి ఏడున్నర. ఎనిమిది దాటి పది నిమిషాలకల్లా నలుగురం కంచాల ముందు కూర్చున్నాం. ఆ నలభై నిమిషాల్లో నాలుగు కానాగంతలు వేగాయి, గిన్నెడు క్యాబేజీ తురుము తయారైంది, పక్క పొయ్యి మీద కొంచెం అన్నం కూడా ఉడికింది. ఆఫీసు ఉన్న రోజు చేపలు పెట్టుకోకూడదని చాలామంది అనుకుంటారు. నిజానికి మన వంటింట్లో చేపంత త్వరగా ఉడికేవి తక్కువ. దాని కండ పోగులు పొట్టివి, వాటిని పట్టి ఉంచే పొరలు పలుచనివి. కాస్త వేడి తగలగానే మెత్తబడతాయి.

నాకూ ఇది ఆలస్యంగానే అర్థమైంది. మా అమ్మ లెక్కలో చేపంటే పులుసే. చింతపండు నానాలి, దాకలో పులుసు మరగాలి, రాత్రంతా ముక్కకు పట్టాలి, మర్నాడు తినాలి. ఆ రుచి మీద పెరిగిన నాకు పెనం మీద పది నిమిషాల్లో తేల్చేసే చేప ప్రేమ తక్కువైన వంటలా తోచేది. నాన్నకు షుగర్ వచ్చాక ఇంట్లో అన్నం తగ్గింది, కూర పెరిగింది. అన్నం తగ్గితే పులుసుకు చోటుండదు. అలా మా ఇంటికి ఈ వేపుడు వచ్చింది.

వేపుడుకు నేను ఎంచుకునేది కానాగంతనే. జానెడు పొడవు, నీలిపచ్చ వెన్ను, వెండి పొట్ట. వంజరం కన్నా ఎంతో చవక. గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వులు దండిగా ఉన్న చేప. మా విశాఖకు ఈ చేపతో మరో బంధం కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఇక్కడ రెండు వందల చేపలు సేకరించి, బొమ్మలతో, మన వాడుక పేర్లతో 1803లో లండన్‌లో పుస్తకం వేయించాడు. రక్తపింజరికి ఇంగ్లిషులో ఉన్న పేరు ఈయనదే. ఆ పుస్తకంలోని ‘కానాగుర్త’నే ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1816లో ఈ చేప శాస్త్రీయ నామంలో చేర్చాడు. ప్రపంచంలో ఏ మూల శాస్త్రవేత్త ఈ చేప గురించి రాసినా మన జాలరి నోటి మాటే రాయాలి. సందు చివర బుట్టలో ఇవి కనబడినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

బుట్ట దగ్గర మాత్రం తొందర పనికిరాదు. కన్ను తేటగా ఉండాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకుండా కండ తిరిగి లేవాలి. కానాగంత జాతి చేపలు ఐసు లేకుండా ఎండలో ఉండిపోతే వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది. ఎంత వేయించినా అది పోదు. తిన్నవాళ్లకు ఒళ్లు ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. అందుకే అనుమానం వస్తే కొనను. ఆ రోజుకు గుడ్లు చాలు.

పొట్ట శుభ్రం చేయించి తెచ్చిన చేపను ఉప్పు, కాస్త చింతపండు రసం పట్టించి కడుగుతాను. నీచు వాసనకు కారణమైన పదార్థాన్ని పులుపు కట్టిపడేస్తుంది, గాలిలోకి లేవనివ్వదు. రసాయన శాస్త్రం చదవని మా అమ్మమ్మ కూడా ఇలాగే కడిగేది.

తర్వాత రెండు వైపులా మూడేసి గాట్లు. నాలుగు చేపలకు చెంచాడు కారం, చెంచాడు ధనియాల పొడి, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు పసుపు, చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, తగినంత ఉప్పు, చెంచాడు బియ్యప్పిండి. అర చెక్క నిమ్మరసంతో ముద్ద చేసి గాట్లలోకి వెళ్లేలా రాసి పావుగంట ఉంచుతాను. అంతకు మించి ఉంచితే నిమ్మరసానికే పైకండ తెల్లబడి, వేగాక పిండిలా రాలుతుంది.

మొదటిసారి ఈ వేపుడు చేసిన రోజు నేను బాధపడ్డాను. పెనం మీద చేప వేసి నిమిషమైనా కాకముందే అట్లకాడ దూర్చాను. తోలంతా పెనానికే అంటుకుపోయి, కండ ముక్కలైంది. అమ్మ ఏమీ అనకుండా ఆ ముక్కలే తింది. మర్నాడు చేపలమ్మే ఆవిడకు ఈ సంగతి చెప్పుకున్నాను. కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే ఆవిడ అంది, “కంగారెందుకమ్మా? ఏగితే అదే ఒగ్గేస్తాది.”

నేను నేర్చుకున్న వంట పాఠాల్లో ఇంతకన్నా పెద్దది లేదు. పచ్చి తోలు కాలే ఇనుమును పట్టుకుంటుంది. తడి ఆరి, మసాలా పెచ్చు కట్టాక ఆ పట్టు సడలుతుంది. మన పని పెనం బాగా కాగనివ్వడం, రెండు చెంచాల నూనె వేయడం, మధ్యస్థపు మంట మీద నాలుగు నిమిషాలు చేపను ముట్టుకోకుండా ఉండడం. అంచు ఎర్రబడ్డాక అట్లకాడ ఆనిస్తే చాలు, అదే లేస్తుంది. రెండో వైపు మరో నాలుగు నిమిషాలు.

చేప మసాలాలో నానే పావుగంటలోనే క్యాబేజీ పని. ఈ తురుమును ఇంగ్లిషులో స్లా అంటారు. డచ్చివాళ్లు సలాడ్‌ను పిలిచే మాట అది. కోసంబరి తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు. పావు కిలో క్యాబేజీని దారాల్లా తరిగి, ఉప్పు రాసి పది నిమిషాలు వదిలేస్తే నీరు దిగి, కరకర పోకుండానే మెత్తబడుతుంది. ఆ నీరు పిండేసి క్యారెట్, పచ్చిమామిడి తురుము, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర కలుపుతాను. వడ్డించే ముందు వేయించిన పల్లీలు దంచి పైన చల్లుతాను. పొయ్యి ఎక్కదు కాబట్టి వేడికి విరిగే సి విటమిన్ నిలుస్తుంది. కొందరు ఇందులో పెరుగు కలుపుతారు. చేప తిన్నపూట పెరుగు ముట్టని ఇల్లు మాది, మామిడి పులుపే సరిపోతుంది. కారంగా వేగిన తోలు, దాని వెంటే పుల్లటి చల్లటి తురుము కలిసి నోట్లో పడితే నాన్న అన్నం గిన్నె వైపు చూడడం మరిచిపోతాడు.

పచ్చిమామిడి, కానాగంత ఒకే సంచిలో ఇంటికి వచ్చే రోజులివి. ఎక్కువ కాలం ఉండవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం అది. హార్బర్‌లో పడవలు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. వేట మీద బతికే ఇళ్లకు అవి ఎంత కష్టపు రోజులో మా సందు చివర ఖాళీగా ఉన్న బుట్ట చోటు చూస్తే తెలుస్తుంది. అయినా ఆ రెండు నెలలు సముద్రం జోలికి వెళ్లకుండా ఉంటేనే తర్వాత వల నిండుతుందని చేపలమ్మే ఆవిడే నాతో చెప్పింది.

నిరుడు నిషేధం ముగిశాక మొదటి కానాగంతలు మా పెనం ఎక్కిన సాయంత్రం అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. రెండు నెలల ఆకలి మీద నేను అట్లకాడ అందుకోబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఉండవే, ఇంకా అంచు ఎర్రబడలేదు.”