నీడ మీద నిలబడ్డవాడు

కొత్తగా బొమ్మలు వేసేవాళ్లు మనిషిని నిలబెట్టగానే కాళ్ల వెనక ఒక అడ్డగీత గీసేస్తారు. అక్కడిదాకా నేల, అక్కణ్నుంచి గోడ. నాకూ అదే అలవాటు. కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట మీద కూర్చుని, పడవ ఎక్కడానికి వచ్చినవాళ్లను గీస్తున్నా ముందు నీటి అంచే పడుతుంది కాగితం మీద.

స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ 1635 ప్రాంతంలో ఆ గీతనే ఎత్తేశాడు. బొమ్మలో ఉన్నది పాబ్లో దె వల్లదోలిద్, రాజుగారి కొలువులో నవ్వించి బతికినవాడు. నల్ల దుస్తులు, ఎడంగా పెట్టిన కాళ్లు, పక్కకు చాచిన చెయ్యి. వెనక గోడ లేదు, కింద నేల లేదు. పాదాల దగ్గర మొదలై పక్కకు వాలిన నీడ ఒక్కటే ఉంది. దాన్ని వేలితో మూసి చూడండి, మనిషి గాల్లో తేలిపోతాడు. 1865లో మాద్రిద్‌లో ఈ బొమ్మ చూసిన ఫ్రెంచి చిత్రకారుడు మానే, మరుసటి ఏడాది వేణువూదే కుర్రాణ్ని ఇలాగే ఖాళీలో నిలబెట్టాడు.

పనితనం సరే. నన్ను పట్టి ఆపేది ఆ కొలత. రెండు మీటర్లు దాటిన నిలువెత్తు బొమ్మ, రాజుకు వేసినట్టే విదూషకుడికీ వేశాడు. గంటల టోపీ లేదు, వెకిలి నవ్వు లేదు. పదేళ్ల తర్వాత వేసిన మరుగుజ్జు సెబాస్తియన్ దె మోర్రా ఇంకా గట్టివాడు. నేల మీద కాళ్లు చాపి కూర్చున్నాడు, జోళ్ల అడుగులు మనవైపు. పిడికిళ్లు ఒంటికి ఆనించి సూటిగా చూస్తాడు. ఆ చూపు ముందు నవ్వడానికి మనకే మొహం చెల్లదు.

మన దగ్గరో? తిరుమల గుడిలో కృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో లోహ విగ్రహమై చేతులు జోడించి నిలబడ్డాడు. కథల్లో ఆయన్ను ముప్పుతిప్పలు పెట్టిన తెనాలి రామకృష్ణుడు పాండురంగ మాహాత్మ్యం రాసిన పెద్ద కవి. అయితేనేం, మా ఇంట్లో పెద్దవాళ్లకు ఆయన మొహం 1956 సినిమాలోని అక్కినేనిది, పిల్లలకేమో కథల పుస్తకాల్లోని పిలక. తెలంగాణ చిందు భాగోతంలో బుడ్డర్‌ఖాన్‌దీ ఇదే రాత. తెల్లార్లూ జనాన్ని నవ్వించేది అతను, ఫొటోకు ముందు నిలబెట్టేది కిరీటం పెట్టినవాణ్ని.

అందుకే రామకృష్ణుణ్ని గీయడానికి కూర్చున్నాను. కొంటెనవ్వు వద్దనుకున్నా పెన్సిల్ అటే లాగుతుంది. ప్రస్తుతానికి పిలక ఉంచి నవ్వు తీసేశాను. చూసినవాళ్లు ఈ పంతులుగారెవరని అడుగుతున్నారు.